ఘోషాసుపత్రి నుంచి గర్భిణుల వసతి గృహం దాకా

విజయనగరంలో కాన్పు అనగానే ఇప్పటికీ నోట వచ్చే పేరు ఘోషాసుపత్రి. ఘోషా అంటే పరదా. పరాయి మగవాళ్ల కంటపడని ఇళ్ల ఆడవాళ్లు మామూలు ఆస్పత్రి గడప తొక్కరని తెలిసి, 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీలో వాళ్లకోసం లేడీ డాక్టర్లు చూసే ఆస్పత్రులు పెట్టారు. 1885లో మద్రాసులో ఇంగ్లిష్ లేడీ డాక్టర్ మేరీ షార్లీబ్ మొదలుపెట్టినది వాటిలో పేరున్నది. అంటే ఆనాడే ఆస్పత్రి ఆడవాళ్ల ఆచారం చూసుకుని తన తీరు మార్చుకుంది. ఆ మర్యాద కొండ మీది తల్లులకు మాత్రం దక్కలేదు.

2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడే వరకు సాలూరు, పాచిపెంట, గుమ్మలక్ష్మీపురం విజయనగరంలో, సీతంపేట శ్రీకాకుళంలో ఉండేవి. అక్కడి సవర, జాతాపు, గదబ గిరిజన ఆడవాళ్లకు దిక్కు మంత్రసానే. మైదానంలోనూ ఒకప్పుడు అంతే. మంత్రసాని వస్తే ముందు చేసే పని పక్కన కూర్చోవడమని మా మామ్మ చెప్పేది. నడుం నిమురుతూ, గంజి తాగిస్తూ, తెల్లవార్లూ కదిలేది కాదట. కానీ నెత్తురు ఆగకపోతే ఆమె చేతిలో ఏమీ లేదు. బిడ్డ అడ్డం తిరిగితే అంతే. అలా పోయిన తల్లుల లెక్క ఎవరూ రాయలేదు. 1903లో విక్టోరియా స్మారక నిధితో మొదలైన మంత్రసానుల శిక్షణ స్వాతంత్ర్యం తర్వాతా సాగింది. శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయడం నేర్పారు, అది మంచిదే. ప్రాణం మీదికొస్తే కొండ దిగే దారి మాత్రం వేయలేదు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, ఆస్పత్రి కాన్పుకు డబ్బిచ్చే జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు, మన రాష్ట్రంలో 108 అన్నీ ఒకే ఏడాది వచ్చాయి. ఇక కాన్పు ఆస్పత్రిలోనే జరగాలన్నారు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కి దిగింది. ఇది చిన్న విజయం కాదు. అయితే ఇది రాష్ట్రం మొత్తానికి సగటు. కొండ మీద పరిస్థితి అందులో కనపడదు.

డోలీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వెదురు గడకు దుప్పటి కడతారు, అందులో నిండు గర్భిణి ముడుచుకుని ఉంటుంది. వాన పడితే ముందున్నవాడి కాలు జారుతుంది, భుజం మార్చుకున్న ప్రతిసారీ ఆమె మూలుగుతుంది. అలా అంబులెన్స్ దాకా చేరి, ఆస్పత్రికి వెళ్తే అక్కడ ఆమె మాట ఎవరికీ తెలియదు. ఈ గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బళ్లు నడిపారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేసింది. ప్రసవ గదిలో నాలుగు సవర మాటలు నేర్పడం అంతకంటే కష్టమా?

2018లో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టింది. నొప్పులు వచ్చాక మోసుకెళ్లే బదులు, నెలలు నిండకముందే కిందికి దింపి, తిండి పెట్టి, పరీక్షలు చేయించి, అక్కడినుంచే ఆస్పత్రికి తీసుకెళ్లడం దాని పద్ధతి. నా దృష్టిలో ఈ ప్రాంతానికి జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. ఆమె ఎక్కడుందో, ఆమెకేం భయమో అక్కడినుంచి ఆలోచించి చేసిన ఏర్పాటిది.

మిగిలింది ప్రసవ గది. 2016లోనే కేంద్రం ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు వేళ ఒక తోడును అనుమతించింది, ఆడమనిషి, వీలైతే తనకూ పురుడు అనుభవం ఉన్న మనిషి అయి ఉండాలంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడుతోపాటు, తల్లి తనకు నచ్చిన భంగిమలో కనొచ్చని కూడా చెప్పింది. రెండేళ్ల కిందట మా బంధువుల అమ్మాయి కాన్పుకు ఓ ఆస్పత్రికి వెళ్లాను. లోపల టేబుల్ మీద వెల్లకిలా పడుకున్న ఓ సవర అమ్మాయి అరుస్తోంది. నలుగురిని కన్న ఆమె అత్త వరండాలో గోడకానుకుని, చేతిలో గంజి గిన్నెతో తలుపు వైపే చూస్తూ కూర్చుంది.