జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేయాలి

మొన్న ఆదివారం పొద్దున్నే పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా చెల్లికి కారు టైరు మార్చడం నేర్పించాను. తను రోజూ గుంటూరు వెళ్లి వస్తుంది. అంతకు ముందు వారం రాత్రి తిరిగొస్తుంటే కాజ టోల్‌గేటు దగ్గర ముందు టైరు పంచరైంది. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. అయినా ముప్పావు గంట రోడ్డు పక్కనే నిలబడిపోయింది.

"కారు పైకి లేపాను అన్నయ్యా. నట్టు తిప్పబోతే చక్రమే తిరిగిపోతోంది" అంది.

టైరు నేలకు ఆనుకుని ఉన్నంతసేపూ కారు బరువు దాన్ని అదిమి పడుతుంది. ఆ ఘర్షణ వల్లే చక్రం తిరగదు, మన బలమంతా నట్టు మీదికి పోతుంది. గాలిలోకి లేపామంటే ఆ పట్టు పోయినట్టే. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, కాబట్టి ముందు చక్రాన్ని అది ఆపలేదు. అందుకే నట్లన్నీ ముందు నేలమీదే అర చుట్టు వదులు చేసుకుని, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి.

ఆ అర చుట్టుకే చాలామంది భయపడతారు, చేతుల్లో బలం చాలదని. నిజానికి చేతులతో పనే లేదు. చిన్న కార్ల చక్రం నట్టు సుమారు 100 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బిగువులో ఉంటుంది. కారుతో వచ్చే పానా పిడి పావు మీటరు ఉందనుకుందాం. చేతులతో 20 కిలోల బరువంత నొక్కితే నట్టు మీద పడేది 50 న్యూటన్ మీటర్లే, సగమే. మా చెల్లి బరువు 55 కిలోలు. పిడి చివర కాలు పెట్టి నిలబడితే అదే 135 అవుతుంది. పిడి ఎడమ వైపుకి, నేలకు సమాంతరంగా ఉండేలా పానాను నట్టుకు పూర్తిగా దిగేసి, కారు పైభాగాన్ని పట్టుకుని, నెమ్మదిగా బరువు మోపాలి. ఎగిరి తొక్కకూడదు, పానా జారితే కాలు విరుగుతుంది.

"చేతులు తీసెయ్యమ్మా, కాలు పెట్టు" అన్నాను. పెట్టింది. కిర్రుమని ఒక్క చప్పుడు, నట్టు కదిలింది. తన మొహం చూడాలి అప్పుడు!

ఇక జాకీ. సన్నటి మరచుట్టు ఉన్న కడ్డీని మనం పదుల సార్లు తిప్పితే కారు కొద్ది అంగుళాలు లేస్తుంది. దూరం ఎక్కువ, బలం తక్కువ. అందుకే రెండు మూడు వందల కిలోల బరువును ఒంటి చేత్తో లేపగలుగుతాం. చెయ్యి వదిలేసినా జాకీ కిందికి దిగదు, ఎందుకంటే మరచుట్టు వాలు చాలా తక్కువ, బరువు దాన్ని వెనక్కి తిప్పలేనంత ఘర్షణ అక్కడ ఉంటుంది. కానీ ఆ బలమంతా నిలువునే. పక్కనుంచి ఒక్క తోపు పడితే జాకీ ఒరిగిపోతుంది.

కాబట్టి కారు కదలకూడదు. గేరులో వేశాం కదా అని ధీమా పడొద్దు. ముందు చక్రాలకు ఇంజన్ బలం అందే కారులో ఒక ముందు చక్రం లేపితే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం) వల్ల ఆ చక్రం ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, గేరు పట్టు కాస్తా పోతుంది. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, లేపుతున్న చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందొకటి, వెనకొకటి ఇటుకలు పెట్టాలి. జాకీ కింద ఒక మందపాటి చెక్క కూడా ఉండాలి. మే నెల ఎండకు మన తారు రోడ్డు మెత్తబడుతుంది, గుంటూరు వైపు నల్లరేగడి నాలుగు చినుకులు పడితే చాలు దిగబడుతుంది. చెక్క వేస్తే అదే బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది.

నేను మరీ మరీ చెప్పేదొకటుంది. కారు జాకీ మీద ఉన్నంతసేపూ చెయ్యి గానీ కాలు గానీ దాని కింద పెట్టొద్దు. స్టెప్నీని ముందే కారు అంచు కింద పడుకోబెట్టండి, పంచరు చక్రం ఊడదీశాక దాన్ని అక్కడికి తోసి స్టెప్నీ తీసుకోండి. జాకీ జారినా కారు చక్రం మీద పడి ఆగుతుంది.

స్టెప్నీ అనే మాట ఎక్కడిదో తెలుసా? వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో 1904లో అదనపు చక్రాన్ని తయారుచేసిన చోటు స్టెప్నీ వీధి. ఆ వీధి పేరే మన ఆటోనగర్ మెకానిక్‌ల నోట ఇప్పటికీ పలుకుతోంది.

చక్రాన్ని కారుకు పట్టి ఉంచేది బోల్టుల మొండి బలం మాత్రమే కాదు. నట్లు బిగిస్తే బోల్టులు అతి కొద్దిగా సాగి, రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్బుకి (కారు వైపు చక్రం బిగించే భాగానికి) అదుముతాయి. ఆ రెండు ముఖాల మధ్య ఘర్షణే అసలు పట్టు. అందుకే మధ్యలో మట్టి, తుప్పు ఉంటే తుడవాలి. నట్టు కోసుగా ఉన్న వైపు చక్రం లోపలికి పెట్టి, ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని బిగించాలి. వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకి వాలి కూర్చుంటుంది. మరచుట్టుకు నూనె రాయకండి. మనం తిప్పే బలంలో దాదాపు పదో వంతే బిగింపుగా మారుతుంది, మిగతాదంతా ఘర్షణే తినేస్తుంది. నూనె రాస్తే ఆ లెక్క తప్పి, బోల్టు అతిగా సాగుతుంది. చివరి బిగింపు మళ్లీ చక్రం నేలకు దించాకే. 50 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి.

ఇదంతా సెల్లార్‌లో. జాతీయ రహదారి మీద మాత్రం లారీలకు భయపడాలి. కుడి వైపు టైరు పోతే, దాని ముందు కూర్చున్న మన వీపు దాటే బళ్ల వైపు ఉంటుంది. సడన్ బ్రేకు వేయకుండా, నాలుగు ఇండికేటర్లూ వేసి, నెమ్మదిగా సర్వీసు రోడ్డులోకో పెట్రోలు బంకులోకో పోనివ్వండి. రిమ్ము పాడైతే కొనుక్కోవచ్చు. కనకదుర్గ వారధి మీద ఆగిపోయి, పక్కకి వెళ్లే దారి లేకపోతే టైరు ముట్టుకోవద్దు. వీలుంటే అందరూ దిగి బళ్లకు దూరంగా వెళ్లి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

ఆ ఆదివారం అంతా అయ్యాక చెల్లి స్టెప్నీకి గేజి పెట్టి చూసింది. 33 ఉండాల్సిన గాలి 14 చూపించింది. ఆ రాత్రి నట్లు ఊడి వచ్చినా తను ఆ చక్రం మీద ఇంటికి రాలేకపోయేది. అప్పటికప్పుడే బంకుకి తీసుకెళ్లి గాలి పట్టించింది.