ట్యాంకులోకి గాలి ఎటు నుంచి? సొంతంగా కట్టుకునే విమానాల్లో ఒక పాత సమస్య

పాత బైకు నడిపినవాళ్లలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది. ట్యాంకు మూతలోని సన్న రంధ్రం మట్టి పట్టి మూసుకుపోతే బండి కాసేపు బాగానే నడిచి, తర్వాత ఆగిపోతుంది. మూత తిప్పగానే సుయ్యిమని గాలి లోపలికి పోతుంది, ఒక్క కిక్కుకే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఎంత పెట్రోలు బయటికి వస్తే అంత గాలి లోపలికి వెళ్లాలి. లేకపోతే ట్యాంకులో పీడనం పడిపోయి పెట్రోలు రావడం ఆగిపోతుంది. రోడ్డు మీదైతే బండి పక్కకు ఆపుకుంటాం. అప్పుడే నేల వదిలి రెండు మూడు వందల అడుగులు లేచిన చిన్న విమానానికి ఆ అవకాశం ఉండదు. అమెరికాలో కిట్లు కొనుక్కుని, ప్లాన్లు తెప్పించుకుని గ్యారేజీల్లో విమానాలు కట్టుకునేవాళ్లు ట్యాంకు మూత గురించీ, ట్యాంకులోకి గాలి తెచ్చే వెంట్ గొట్టం గురించీ దశాబ్దాలుగా అంత పట్టుదలగా మాట్లాడుకోవడానికి కారణం ఇదే.

మొదట్లో ఈ పని అంతా మూతే చేసేది. 1920ల చివర్లో మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజిన్‌తో ఎయిర్ క్యాంపర్ అనే విమానం కట్టాడు. మామూలు మనిషి కొనుక్కోగల సామానుతోనే విమానం తయారవ్వాలన్నది ఆయన పట్టుదల. ఆనాటి కార్లలో ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉండేది. మోడల్ ఏ కారులో పెట్రోలు పంపు అవసరం లేకుండా పై నుంచి కిందికి దానంతటదే దిగేది. చిన్న విమానాలకూ అదే పద్ధతి సరిపోయింది. 1930ల చివర్లో వచ్చిన ఫ్యాక్టరీ విమానం పైపర్ జే-3 కబ్‌లో ఇంకా ముచ్చటైన ఏర్పాటు ఉంది. పైలట్ ముందు, ఇంజిన్ వెనకాల 12 గ్యాలన్ల ట్యాంకు, అంటే 45 లీటర్లు. దాని మూతలోంచి ఒక ఇనుప తీగ పైకి పొడుచుకుని ఉంటుంది. తీగ అడుగున తేలే బెండు, పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. తీగ ఆడే ఆ రంధ్రంలోంచే గాలి కూడా లోపలికి పోతుంది. మూత, మీటరు, వెంట్ మూడూ ఒకే వస్తువు. పైగా అది ఎప్పుడూ పైలట్ కళ్ల ముందే ఉంటుంది.

ట్యాంకులు రెక్కల్లోకి మారాక అసలు చిక్కు మొదలైంది. రెక్క పైభాగాన గాలి పీడనం తక్కువగా ఉంటుంది, విమానం ఎగిరేదే దానివల్ల. మూత ఉండేది కూడా అక్కడే. మూతకు ఉత్త రంధ్రం పెడితే గాలి లోపలికి పోకపోగా ట్యాంకులోని పెట్రోలే బయటికి లాగేస్తుంది. రబ్బరు రింగు ఎండి బీటలు వారిన మూత అయినా అదే పని చేస్తుంది, సగం దూరం వెళ్లేసరికి ట్యాంకు ఖాళీ అయిపోవచ్చు. దీనికి దొరికిన ఉపాయం మూత మీద ముందుకు వంగిన చిన్న గొట్టం. ఎదురుగాలి అందులోకి దూరి లోపల కాస్త ఒత్తిడి నిలబెడుతుంది. 1984లో ఐడహోలో డాన్ డెన్నీ తెచ్చిన కిట్‌ఫాక్స్ లాంటి పై రెక్కల కిట్ విమానాల్లో ఇలాంటి మూతలు బాగా కనిపిస్తాయి.

లెక్క వేస్తే ఆ ఒత్తిడి చాలా తక్కువే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చేది 7 సెంటీమీటర్ల ఎత్తు పెట్రోలు ఇచ్చేంత ఒత్తిడి కూడా కాదు. 200 కిలోమీటర్లకు అది సుమారు 27 సెంటీమీటర్లు అవుతుంది. కానీ రెండు రెక్కల ట్యాంకులూ కింద ఒకే గొట్టంలో కలిసే విమానంలో ఏ ట్యాంకు ముందు ఖాళీ అవ్వాలో తేల్చేది ఈ కొద్ది సెంటీమీటర్లే. పెట్రోలు పోసుకుని ఒక మూతను వెనక్కి తిప్పి బిగించారనుకోండి. ఆ గొట్టం ఒత్తిడి ఇవ్వడం మానేసి పీల్చడం మొదలుపెడుతుంది. ఇంజిన్ ఒక ట్యాంకును పూర్తిగా తాగేస్తుంది, వెనక్కి తిరిగిన మూత ఉన్నది అలాగే నిండుగా మిగులుతుంది. మూత ఎటు తిరిగి ఉండాలో రెక్క మీద బాణం గుర్తు వేసుకోవడం చాలా మంచి అలవాటు అని నా అభిప్రాయం.

ఫ్యాక్టరీ విమానాల కంపెనీలూ ఈ పాఠాలు కష్టపడే నేర్చుకున్నాయి. చాలా సెస్నా మోడళ్లలో ఎడమ రెక్క కింద, ఆసరా కడ్డీ వెనకాల ఒక వెంట్ గొట్టం ఉంటుంది. ఆ ఒక్కటీ మూసుకుపోతే రెండు ట్యాంకులూ ఊపిరాడక ఆగిపోతాయి. అందుకని 1979లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చాలా సెస్నా మోడళ్లకు గాలి పోయే మూతలు పెట్టించాలని ఆదేశించింది. ఇంకోపక్క వాన నీటి సమస్య. రెక్కతో సమానంగా కూర్చునే మూత చుట్టూ ఉండే గుంటలో నీళ్లు నిలిచి, రింగు పాతబడితే మెల్లగా ట్యాంకులోకి దిగుతాయి. రబ్బరు సంచి ట్యాంకుల మడతల్లో ఆ నీరు దాక్కుంటుంది, నేల మీద డ్రెయిన్ చేసినా బయటపడదు. 1984లో దీని మీదా ఆదేశం వచ్చింది.

ఈ ఆదేశాలేవీ ఇంట్లో కట్టుకున్న విమానానికి నేరుగా వర్తించవు. ట్యాంకులో కనీసం రెండు శాతం ఖాళీ ఉండాలి, వెంట్ ఆ ఖాళీ పైభాగం నుంచే తీయాలి, అది మంచుతో పూడుకుపోకూడదు అన్న నిబంధనలు ఫ్యాక్టరీ విమానాల కోసం రాసినవి. సగానికి పైగా పని తానే చేశానని చూపిస్తే సొంతంగా కట్టుకునేవాడికి ఆ స్వేచ్ఛ దొరుకుతుంది. అప్పుడు అతన్ని కాపాడేది ప్లాను గీసినవాడి అనుభవమే.

రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ 1973లో ఆరెగాన్‌లో పెట్టిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆ అనుభవాన్ని బాగా వాడుకుంది. ఆ కంపెనీ ఆర్‌వీ విమానాల్లో మూతకు, వెంట్‌కు సంబంధం తెంచేశారు. మూత రబ్బరు రింగుతో (ఓ-రింగు) గట్టిగా మూసుకుపోతుంది. గాలి కోసం పావు అంగుళం అల్యూమినియం గొట్టం ట్యాంకు బయటి చివర ఎత్తైన చోటు నుంచి బయల్దేరి, లోపలి చివరకు వచ్చి, విమానం గోడ వెంట పైకి ఎక్కి, మళ్లీ దిగి పొట్ట కింద బయటికి వస్తుంది. చివర ఏటవాలుగా కోసి ఎదురుగాలికి తిప్పి, సన్న జాలీ పెడతారు. పైకి ఎక్కించి దించడం ఎందుకంటే పెట్రోలు ఊరికే కారిపోకుండా. అయినా నిండా పోసి ఎండలో నిలబెడితే కారుతుంది. 80 లీటర్ల ట్యాంకు 20 డిగ్రీలు వేడెక్కితే పెట్రోలు లీటరున్నర దాకా ఉబ్బుతుంది మరి. ట్యాంకు లీకు పరీక్షకు వెంట్‌కు ఒక బుడగ తగిలించి గాలి పట్టడం ఈ బిల్డర్లలో ఆనవాయితీ. గాలి ఎక్కువైతే ముందు బుడగ పోతుంది, నెలల తరబడి రివెట్లు కొట్టిన ట్యాంకు దక్కుతుంది.

పొట్ట కిందికి వెళ్లిన గొట్టానికి వేరే శత్రువులు వచ్చాయి. మట్టితో గూడు కట్టే కందిరీగకు పావు అంగుళం రంధ్రం గూడు కట్టడానికి అనువుగా ఉంటుంది. జాలీ పురుగును ఆపుతుంది కానీ మంచును ఆపలేదు, పైగా రంగు కొట్టేటప్పుడు అదే పూడుకుపోవచ్చు. అందుకే కొందరు గొట్టం వెనకవైపు ఇంకో చిన్న బెజ్జం వేసుకుంటారు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మాత్రం కారు ట్యాంకు మూత. కాలిఫోర్నియాలో 1970 నుంచి, దేశమంతా 1971 నుంచి కార్ల ట్యాంకుల్లోంచి పెట్రోలు ఆవిరి గాల్లో కలవకూడదన్న నిబంధనలు వచ్చాయి. దాంతో మూతలకు నేరుగా ఉండే గాలి రంధ్రం పోయింది, ఆవిరిని బొగ్గు డబ్బాలోకి మళ్లించారు. పీటెన్‌పోల్ కాలపు ప్లాను చేతిలో పట్టుకుని కొత్త కారు మూత కొని బిగించినవాడికి పాత మూతకూ కొత్తదానికీ తేడా కనపడదు. మర బాగా పడుతుంది, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. ప్లానులో వేరే వెంట్ లేకపోతే ట్యాంకులోకి కావలసినంత గాలి పోయే దారే ఉండదు.

అప్పుడు కూడా ఇంజిన్ వెంటనే ఆగిపోదు. ట్యాంకులో మిగిలిన గాలి కొంత సాగుతుంది, పల్చటి రేకు కొంత లోపలికి నొక్కుకుంటుంది. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడానికి పట్టే పెట్రోలు తక్కువ కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఫుల్ పవర్ ఇచ్చి పైకి లేచాక అసలు సంగతి బయటపడుతుంది. నేల మీద పరీక్షించినప్పుడు దొరకలేదా అంటే, మూత తీసి పెట్టి గొట్టంలోంచి పెట్రోలు ఎంత వస్తుందో కొలిస్తే వెంట్‌ను అసలు పరీక్షించనట్టే లెక్క.

అమెరికా రవాణా భద్రతా మండలి ఎన్‌టీఎస్‌బీ 2012లో సొంతంగా కట్టుకున్న విమానాల మీద పెద్ద అధ్యయనం చేసింది. అప్పట్లో అక్కడి చిన్న విమానాల్లో ఇవి దాదాపు 10 శాతం, కానీ 2011 ప్రమాదాల్లో వీటి వాటా సుమారు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజిన్ శక్తి కోల్పోవడం ప్రధాన కారణాల్లో ఒకటని తేలడంతో, ఇంధన వ్యవస్థను పరీక్షించి ఆ నివేదిక ఇచ్చాకే అనుమతి ఇవ్వాలని మండలి సిఫారసు చేసింది. ముక్కు బాగా పైకెత్తి నిలబెట్టి, ఇంజిన్ టేకాఫ్‌లో తాగేదానికి పంపుతో అయితే 125 శాతం, పై నుంచి దానంతటదే దిగే పద్ధతిలో అయితే 150 శాతం పెట్రోలు వస్తోందా అని కొలవాలన్నది ఎఫ్‌ఏఏ చేతిపుస్తకం సూచన. ఆ కొలత తీసేటప్పుడు ఎగిరేటప్పుడు వాడబోయే మూతనే బిగించాలి, రెండు ట్యాంకులనూ విడివిడిగా, లోపలికి గాలి అందకపోతే ఆ సంగతి బయటపడేంతసేపు పారనివ్వాలి.