విత్తనానికి తగిలే వేడి

మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా మట్టి మీద రెండడుగులు వేస్తే అరికాళ్లు చుర్రుమంటాయి. అక్కడే జానెడు లోతు తవ్వి చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. అందుకే నేల సగటు ఉష్ణోగ్రత ఇంత అని ఎవరైనా చెబితే, ఎంత లోతులో అని అడగాలి.

వాతావరణ కేంద్రాల్లో 5, 10, 20, 50, 100 సెంటీమీటర్ల దగ్గర విడివిడిగా కొలిచేది ఇందుకే. ఎండ వేడి మట్టిలోకి మెల్లగా దిగుతుంది, దిగేకొద్దీ బలహీనపడుతుంది. పైన మధ్యాహ్నం ఉండే వేడి 10 సెంటీమీటర్లకు చేరేసరికి సాయంత్రం కావస్తుంది. అర మీటరు దాటితే పగలూ రాత్రీ పెద్ద తేడా ఉండదు. 10, 15 మీటర్ల కింద ఎండాకాలమూ చలికాలమూ దాదాపు ఒకటే.

విత్తనం ఉండేది మాత్రం పైపైన, బాగా ఊగిసలాడే చోట. మొక్కజొన్న మొలవాలంటే అక్కడ కనీసం 10 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అంతకన్నా చల్లటి తడి మట్టిలో వేస్తే గింజ నీళ్లు తాగి ఉబ్బుతుంది కానీ మొలక కదలదు, ఈలోగా బూజు పట్టేస్తుంది. తీసి నొక్కితే మెత్తటి పిండిలా వేళ్లకు అంటుకుంటుంది. నాసిరకం విత్తనం అంటగట్టారని మనం తిట్టుకునే సందర్భాల్లో కొన్ని ఇవేనని నా అనుమానం. సలాడ్లలో వాడే ఆకుకూర లెట్యూస్‌ది దీనికి పూర్తిగా ఎదురు గుణం. 30 డిగ్రీలు దాటితే, తడి ఎంత ఉన్నా చాలా రకాలు మొలవకుండా నిద్రపోతాయి. బంగాళదుంప ఇంకా మోసం చేస్తుంది. దుంప ఊరడానికి 15 నుంచి 20 డిగ్రీలు హాయి. నేల 30కి చేరిందంటే పైన ఆకు పచ్చగానే ఉంటుంది, కింద దుంప కట్టదు.

ఎరువు సంగతీ అంతే. ఎరువులోని అమోనియాను మొక్క తేలిగ్గా తీసుకునే నైట్రేటుగా మార్చే బాక్టీరియా 10 డిగ్రీల లోపు బద్ధకిస్తుంది.

తడి నేల వేడెక్కడానికి పొడి నేల కంటే ఎక్కువ ఎండ కావాలి, నీటి గుణం అది. ఎండుగడ్డి కప్పితే నేల చల్లబడుతుంది, నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే వేడెక్కుతుంది.

ఇక సగటు 25 అన్నప్పుడు నేల 24, 26 మధ్య ఉండి ఉండొచ్చు, 12, 38 మధ్య ఊగి ఉండొచ్చు కూడా. కాబట్టి విత్తే లోతుకే థర్మామీటరు దించి, చలికాలంలో పొద్దున్నే, ఎండాకాలంలో మధ్యాహ్నం దాటాక నాలుగైదు రోజులు చూడండి. గాజుదైతే ముందు స్క్రూడ్రైవర్‌తో కన్నం చేసుకోండి. నేరుగా గుచ్చబోయి నేనొకటి విరగ్గొట్టాను.