ఏడాది తేడా పోయింది, ఆరు నెలల తేడా మిగిలింది

మోర్మన్ మిషనరీల వయసు గొడవ మళ్లీ రేగింది. అమ్మాయిలు కూడా 18 ఏళ్లకే మిషన్‌కు, అంటే ఇల్లు వదిలి పూర్తికాలం మత ప్రచారానికి, వెళ్లొచ్చని 2025 నవంబరులో మోర్మన్ చర్చి, అసలు పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం, ప్రకటించింది. అబ్బాయిలకు ఈ వీలు 2012 నుంచే ఉంది. వయసు సమానమైంది కానీ కాలం కాలేదు. ఎల్డర్లు, అంటే అబ్బాయిలు, 24 నెలలు ఉంటారు. సిస్టర్లు, అంటే అమ్మాయిలు, 18 నెలలే. అందుకే ఇప్పుడు రెండు రకాల అసంతృప్తి వినిపిస్తోంది. ఆ ఆరు నెలలు ఎందుకు కోశారని కొందరు అడుగుతున్నారు. మన లెక్కలో ఇంటర్ అయిపోయిన పిల్లను నేరుగా పరాయి దేశానికి విమానం ఎక్కించడమేమిటని ఇంకొందరు అడుగుతున్నారు.

రెండో ప్రశ్న సంగతి తేలాలంటే 2012 అక్టోబరు 6 నాటి ప్రకటనను మళ్లీ చూడాలి. ఆ రోజు సాల్ట్ లేక్ సిటీలో చర్చి అధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ అబ్బాయిల కనీస వయసును 19 నుంచి 18కి, అమ్మాయిల వయసును 21 నుంచి 19కి తగ్గించారు. అమ్మాయిలకూ 18 ఎందుకు కాకూడదని విలేకరులు అడిగితే చర్చి అగ్రనేతల్లో ఒకరైన అపొస్తలుడు జెఫ్రీ ఆర్. హాలండ్ ఒకసారికి ఒక అద్భుతం చాలన్నట్టు నవ్వుతూ దాటేశారు. ఆ రెండో అద్భుతానికి పదమూడేళ్లు పట్టింది.

పత్రికలు వయసు దగ్గరే ఆగిపోయాయి. అదే రోజు ఇంకో నిర్ణయం కూడా ప్రకటించారు. మిషనరీ శిక్షణ కేంద్రాల్లో ఉండే కాలాన్ని దాదాపు మూడో వంతు తగ్గించారు. సొంత భాషలోనే పనిచేసేవారికి మూడు వారాలుండే శిక్షణ పన్నెండు రోజులైంది. స్పానిష్, పోర్చుగీస్ లాంటి భాషలకు ఆరు వారాలు, జపనీస్, కొరియన్ లాంటి వాటికి తొమ్మిది వారాలు మిగిలాయి. కారణం దాచేదేమీ కాదు. పడకలు చాలవు. వారానికి సుమారు 700 దరఖాస్తులు వచ్చేచోట రెండు వారాలు తిరక్కముందే 4,000 రావడం మొదలైంది. అందులో సగానికి పైగా అమ్మాయిలవే. 2012లో 58,500 ఉన్న మిషనరీల సంఖ్య 2014 చివరికి 85,000 దాటింది. మెక్సికో సిటీలో చర్చి నడిపే పాఠశాలను మూసేసి ఆ ఆవరణను 2013లో శిక్షణ కేంద్రంగా మార్చారు. వెళ్లేవారి వయసు తగ్గినప్పుడు శిక్షణ పెరగాలి. ఇక్కడ రెండూ ఒకేసారి తగ్గాయి. తర్వాత పదేళ్లలో వచ్చిన సడలింపుల్లో చాలా వాటికి మూలం ఇదే.

శిక్షణ కేంద్రం నుంచి బయటపడ్డ పద్దెనిమిదేళ్ల మిషనరీ చేతిలో ఏముంటుందో చూడండి. రెండు సూట్‌కేసులు, ఆ ప్రాంతపు మిషనరీలను నడిపే మిషన్ ఆఫీసు ఇచ్చే డబ్బు కార్డు, ఇంతకు ముందు ముఖం చూడని ఒక కంపానియన్, అంటే జంటగా పనిచేసే తోటి మిషనరీ. మొదటి కంపానియనే ట్రైనర్. నిద్ర, పని, బజారు అన్నీ ఇద్దరూ కలిసే. స్నానాల గది తప్ప విడిగా ఉండే చోటే లేదు. పాత పద్ధతిలో ఉదయం 6:30కి లేవాలి, అరగంట వ్యాయామం, 8 నుంచి చదువు, 10 గంటలకు వీధిలోకి, రాత్రి 9 లేదా 9:30కి ఇంటికి, 10:30కి దీపాలు ఆర్పేయాలి. రాత్రి భోజనాలు ఆలస్యమయ్యే దేశాల్లో, మధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకునే దేశాల్లో ఈ పట్టిక సరిపడదు. తొమ్మిదికి ఇంటికి చేరాలంటే జనం అప్పుడే ఇళ్లకు వచ్చే వేళలో వీళ్లు వెనక్కి బయల్దేరాలి. 2017 జనవరిలో పట్టిక సడలించి, ఏ గంటకు ఏం చేయాలో కొంత మేరకు స్థానికంగా తేల్చుకోనిచ్చారు. ప్రతి వారం నింపాల్సిన లెక్కల గళ్లను కూడా తొమ్మిది నుంచి నాలుగుకు కుదించారు.

ఇబ్బంది ప్రార్థన దగ్గర రాదు, వంట దగ్గర వస్తుంది. అద్దె మిషన్ ఆఫీసే కడుతుంది. తిండి, బస్సు, సబ్బు, సైకిల్ మరమ్మతు మాత్రం నెలనెలా కార్డులో పడే డబ్బులోంచే వెళ్లాలి. వండుకోవడం రాని కుర్రాడు మొదటి పది రోజులు బయట తింటాడు. ఇరవయ్యో తేదీకి సేమ్యా ప్యాకెట్ల మీదికి వస్తాడు. ఇంటి నుంచి పంపే మొత్తానికీ ఈ కార్డుకూ నేరుగా సంబంధం లేదు. 1990ల మొదటి వరకూ ఎవరి దేశం ఖర్చు వాళ్లదే. జపాన్ పడ్డవాడి తండ్రికి నడ్డి విరిగేది, లాటిన్ అమెరికా పడ్డవాడి తండ్రి ఊపిరి పీల్చుకునేవాడు. ఆ తర్వాత అమెరికా కుటుంబాలందరికీ ఒకటే రేటు పెట్టారు. అది 2003 నుంచి నెలకు 400 డాలర్లు, 2020 జులై నుంచి 500.

2012కు ముందు ఈ తంటాలు లేవా అంటే ఉన్నాయి. అయితే 19కి వెళ్లే అబ్బాయి సాధారణంగా ఒక ఏడాది కాలేజీ హాస్టల్లో బతికి, బట్టలుతుక్కుని, గదిలో ఇంకొకరితో సర్దుకోవడం నేర్చుకుని వచ్చేవాడు. 21కి వెళ్లే అమ్మాయికైతే డిగ్రీ చివరికొచ్చేది. ఆ ఏడాది ఎవరూ లెక్కలో వేయని శిక్షణ. 2013, 14 ఉప్పెనలో ట్రైనర్లకు కూడా కరువొచ్చింది. తన శిక్షణ పూర్తయి నెల తిరక్కుండానే కొత్తవారికి నేర్పాల్సి వచ్చిన వాళ్లున్నారు. సిస్టర్లు ఒక్కసారిగా పెరిగిన మిషన్లలో చీకటి పడేలోపు చేరగలిగే సురక్షితమైన ఇళ్లు వెతకడమే ఆఫీసుకు పెద్ద పని అయింది. అవతలి వ్యక్తి ఒంటరి మగవాడైతే సిస్టర్లిద్దరూ వెళ్లినా సరిపోదు, స్థానిక సభ్యుల్లో పెద్దవారు ఒకరు వెంట ఉండాలి. ఆ మనిషి చివరి నిమిషంలో రాకపోతే ఆ సాయంత్రం వృథా.

ఫోన్ సంగతి కూడా ఈ కోవలోదే. 2019 ఫిబ్రవరి 15 వరకూ ఇంటికి ఫోను క్రిస్మస్‌కూ, మదర్స్ డేకూ మాత్రమే. మిగతా వారాల్లో పి-డే నాడు, అంటే బట్టలు, సరుకులు, జుట్టు కత్తిరింపు చూసుకునే సెలవు రోజున, ఒక ఈమెయిల్. 2019 నుంచి ప్రతి పి-డేకూ ఫోనో, వీడియో కాలో చేసుకోవచ్చు. అయితే కాల్ మిషనరీ నుంచే వెళ్లాలి, ఇంటివాళ్లు చేయకూడదు. పిల్లలు గారాబమైపోయారని పాతతరం సణిగింది. అంతకు రెండు నెలల ముందే సిస్టర్లకు ప్యాంట్లు వేసుకునే వీలిచ్చినప్పుడూ ఇదే సణుగుడు. డెంగ్యూ దోమలున్న ఊళ్లలో, సైకిల్ మీద స్కర్టుతో రోజంతా తిరిగినవాళ్లెవరూ ఆ సణుగుడులో గొంతు కలపలేదు.

ఇప్పుడు కాలం తగాదా. చర్చి వాదన క్లుప్తమైనదే, 2012లో మాన్సన్ చెప్పినదే. మిషన్ అబ్బాయిలకు యాజకత్వ బాధ్యత (ఈ చర్చిలో యాజకత్వం మగవారికే), అమ్మాయిలకు ఐచ్ఛికం, వస్తే సంతోషం. అమ్మాయిల పెళ్లి ఆలస్యం కాకూడదన్న మాట పైకి రాదు గానీ అందరికీ తెలుసు. కానీ 18 నెలలు దేవుడు గీసిన గీతేమీ కాదు. 1982లో ఖర్చు తగ్గితే ఎక్కువమంది వెళ్తారని అబ్బాయిల కాలాన్నీ 18 నెలలకే కుదించారు. రెండున్నరేళ్లలో, 1984 చివర, మళ్లీ 24 చేశారు. సిస్టర్ల కాలం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

సిస్టర్ల లెక్క వేరే రకంగా ఉంటుంది. మిషన్‌లో కాలాన్ని ట్రాన్స్‌ఫర్లలో కొలుస్తారు. ఆరు వారాలకోసారి కంపానియన్లనో ఊరినో మార్చే వంతు వస్తుంది, అదే ఒక ట్రాన్స్‌ఫర్. 18 నెలలంటే 78 వారాలు, పదమూడు ట్రాన్స్‌ఫర్లు. ఈ గడియారం శిక్షణ మొదలైన రోజు నుంచే తిరుగుతుంది. జపాన్ వెళ్లే సిస్టర్‌కు తొమ్మిది వారాలు శిక్షణలోనే పోతాయి. తర్వాత పన్నెండు వారాలు ట్రైనర్ కింద. మిగిలేది 57 వారాలు. తనదైన మాట పెగలడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. ఇక ఆమె ఇంకొకరికి నేర్పడానికి, 2013లో పెట్టిన సిస్టర్ ట్రైనింగ్ లీడర్ బాధ్యత, అంటే తోటి సిస్టర్లను నడిపించే పని, మోయడానికి మిగిలేది ఆరేడు ట్రాన్స్‌ఫర్లు. అదే ఊళ్లో, అదే రోజు దిగిన ఎల్డర్‌కు ఇంకో 26 వారాలు అదనం.

మన దగ్గర ఈ చర్చకు శ్రోతలు తక్కువేం కాదు. భారతదేశంలో ఈ చర్చి మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల సముదాయం, 2012 మేలో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఇక్కడి అమ్మాయికి 19 అంటే డిగ్రీ మధ్యలో ఆపేయడం. 18 అంటే ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య విరామం. డిగ్రీ సీటు 18 నెలల తర్వాత దొరుకుతుందా అనేది వేరే ప్రశ్న. ఒకవేళ కాలం 24 నెలలైతే జూన్‌లో వెళ్లిన పిల్ల జూన్‌లోనే, కాలేజీలు తెరిచే వేళకు తిరిగొస్తుంది. 18 నెలలకు తిరిగొచ్చేది డిసెంబరులో.