పరుగుకూ మోతాదు ఉంది

రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ పైకీ కిందికీ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ఈ ఇద్దరి గుండెలనూ పోల్చి చూసి, 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితం ప్రకటించాడు. గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువ. కండక్టర్లకు వచ్చినా ఆలస్యంగా వచ్చింది, ప్రాణం తీయడం కూడా తక్కువే. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అది తీర్చుకోడానికి మోరిస్ బృందం సంస్థ కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించుకుంది. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. అయినా సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చినా కండక్టర్లదే పైచేయిగా తేలింది. మోరిస్ తర్వాత తనూ పరుగు అలవాటు చేసుకుని, 99 ఏళ్లు బతికి 2009లో కన్నుమూశాడు.

నేను కర్నూల్లో జనరల్ మెడిసిన్ చూస్తాను. ఆ లెక్కన ఏ ఆస్పత్రిని చూసినా డ్రైవరు సీట్లో ఉన్నది డాక్టరే. ఓపీ మొదలైందంటే కుర్చీలోంచి లేచే పని ఉండదు. స్ట్రెచర్ తోసే వార్డుబాయ్, మంచం నుంచి మంచానికి తిరిగే సిస్టర్ మా డాక్టర్లకంటే ఎన్నో రెట్లు నడుస్తారు. సర్జన్ మిత్రులతో ఈ మాటంటే, “నాలుగు గంటలు థియేటర్లో నిలబడతాం, అంతకంటే ఎక్సర్‌సైజు ఏముంటుంది?” అంటారు. కాళ్లు పీకుతాయి, నడుము పట్టేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నిలబడినంతసేపూ నాడి పెద్దగా పెరగదు, ఊపిరి వేగం పుంజుకోదు. అలసట వేరు, వ్యాయామం వేరు. డ్యూటీ చేసి అలసిపోయాం కాబట్టి ఒంటికి కావలసింది అందిందని నమ్మడం మా వృత్తిలో చాలామందిని నష్టపరుస్తోంది.

పైగా సన్నగా ఉన్నాం కదా అన్న ధీమా ఒకటి. 2004లో లాన్సెట్‌లో ఇద్దరు వైద్యుల ఫొటో అచ్చయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌లోని జాన్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లలో చాలామందిది ఈ తీరే. చేతులూ కాళ్లూ సన్నగా ఉంటాయి, కండ తక్కువ, కొవ్వంతా పొట్ట లోపల చేరుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారు. అందులో డాక్టర్లు లేరా? నైట్ డ్యూటీ దిగి, ఉగ్గాని బజ్జీతో కడుపు నింపుకుని, మధ్యాహ్న భోజనం నాలుగింటికి చేసే జూనియర్లను చూస్తుంటే నాకు భయమేస్తుంది. అందుకే డాక్టర్లూ పరిగెత్తాలంటాను.

పరుగు ఇక్కడ ఏం చేస్తుందో కొంచెం లోపలికెళ్లి చూద్దాం.

కండరానికి చక్కెర కావాలి. మామూలుగా ఇన్సులిన్ వచ్చి చెబితేనే కండరకణం లోపలున్న గ్లూట్-4 అనే ప్రొటీన్లు పైపొరకు చేరి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. షుగర్ జబ్బులో ఇన్సులిన్ మాట చెల్లదు. అయితే కండరం బాగా పనిచేస్తున్నప్పుడు, ఇన్సులిన్ చెప్పకపోయినా, ఇవే ప్రొటీన్లు పైకి వస్తాయి. రెండో దారి ఒకటి తెరుచుకుంటుందన్నమాట. షుగర్ ఉన్న మనిషిలో కూడా ఆ దారి పనిచేస్తుంది. పరుగు ఆపాక సైతం కండరం ఇన్సులిన్ మాట ఇంకో ఒకటి రెండు రోజులు బాగా వింటుంది. వ్యాయామానికి వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వొద్దని షుగర్ రోగులకు చెప్పేది ఇందుకే. డ్యూటీ చార్టు పట్టుకుని బతికే డాక్టరుకు ఇది శుభవార్త. రోజూ కుదరకపోయినా ఫరవాలేదు, మూడో రోజు మాత్రం తప్పకూడదు.

కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాల సంగతి ఇంకా బాగుంటుంది. 1967లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ హాలోజీ ఎలుకలను కొన్ని వారాలపాటు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కాలి కండరంలో ఆక్సిజన్ వాడుకునే శక్తి దాదాపు రెట్టింపయిందని చూపించాడు. కండరం అడిగే కొద్దీ కణం కొత్త మైటోకాండ్రియాలు తయారుచేసుకుంటుంది, చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. గుండె విషయానికొస్తే, ఊరికే కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుని, ఒక్కోసారికి 70 మిల్లీలీటర్ల చొప్పున ఐదు లీటర్ల రక్తం పంపుతుంది. నెలల తరబడి పరిగెత్తినవాడి గుండెగది కాస్త విశాలమవుతుంది. అదే ఐదు లీటర్లకు 50 సార్లు చాలు. ఎవరైనా సరే, పొద్దున లేవగానే మంచం మీదే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషంపాటు లెక్కపెట్టి నెలకోసారి రాసిపెట్టుకుంటే, ఈ మార్పు తన వేలికిందే తెలుస్తుంది. ఏ ల్యాబుకూ పోనక్కర్లేదు.

ఈ లాభాల్లో ఎక్కువ భాగానికి వేగం అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగే వేగం చాలు. మాట తెగితే వేగం ఎక్కువైందని అర్థం. మా ఊళ్లో కేసీ కెనాల్ గట్టు మీద పొద్దున్నే చూస్తుంటాను, కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్లు మొదటి ఫర్లాంగు దూసుకుపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోతారు. పరుగు మన ఒంటికి పడదని తేల్చేసుకుని మళ్లీ రారు. పడనిది పరుగు కాదు, ఆ వేగం.

మోతాదు ఎంత? 2014లో అమెరికాలో 55,137 మందిని సగటున 15 ఏళ్లు గమనించిన అధ్యయనం వెలువడింది. పరిగెత్తేవాళ్లలో గుండెజబ్బు మరణాలు 45 శాతం తక్కువ, మొత్తం మరణాలు 30 శాతం తక్కువ. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు మెల్లగా పరిగెత్తినవాళ్లకు కూడా మంచి లాభమే కనిపించింది. ఇలాంటి అధ్యయనాలకు ఒక పరిమితి ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పరుగుకు దిగుతారు కాబట్టి లాభమంతా పరుగు ఖాతాలో వేయలేం. అయినా సున్నా నుంచి పది నిమిషాలకు వచ్చినప్పుడు దక్కే లాభం, గంట నుంచి గంటా పది నిమిషాలకు పెంచినప్పుడు దక్కదు అన్నది మాత్రం వేర్వేరు చోట్ల చేసిన అధ్యయనాల్లో తేలుతూ వస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. పరుగు రెండో కోవలోకి వస్తుంది. వారానికి 75 నిమిషాలంటే మూడుసార్లు, 25 నిమిషాల చొప్పున. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దాన్ని పూర్తిచేయడం గొప్ప ఆనందం, కాదనను. ఆరోగ్యం కోసం మాత్రం అంత దూరం పోవాల్సిన పని లేదు.

“టైం లేదు సార్” అన్న పీజీ విద్యార్థులకు నేను రోజర్ బానిస్టర్ గురించి చెబుతాను. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల్లోపు పరిగెత్తిన మొదటి మనిషి ఆయన. 1954 మే 6, ఆక్స్‌ఫర్డ్ ట్రాక్ మీద 3 నిమిషాల 59.4 సెకన్లు. అప్పటికి ఆయన లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో వైద్య విద్యార్థి. ఆ రోజు పొద్దున కూడా ఆస్పత్రికి వెళ్లి, ల్యాబులో ఉన్న సానరాయి మీద తన బూట్ల మేకులకు పదును పెట్టుకుని, రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ చేరాడు. ఆయన సాధన చాలావరకు మధ్యాహ్న భోజన విరామంలో సాగేది. తర్వాత నరాల వైద్యుడిగా స్థిరపడ్డాడు. ఆ ప్రతిభ అందరికీ రాదు. ఆ అరగంటను కాపాడుకోవడం మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతాను. రాత్రంతా మెలకువగా ఉండి పొద్దున దిగినప్పుడు పరుగుకు వెళ్లొద్దు, పడుకోండి. 1999లో షికాగోలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ కొద్ది రోజులకే రక్తంలో చక్కెరను సర్దుకునే శక్తి బాగా తగ్గిపోయింది. నిద్ర కోసి పరుగు కొనుక్కోవడం నష్టం బేరమే. సాయంత్రం లేచి, చల్లబడ్డాక, ఇరవై నిమిషాలు వెళ్తే సరిపోతుంది.

ఇక మన ఊరి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు 40 డిగ్రీలు దాటడం మనకు అలవాటే. 60 కిలోల మనిషి గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పరిగెత్తితే గంటలో సుమారు 480 కేలరీలు ఖర్చవుతాయి. అందులో ముప్పావు వంతు, అంటే 360 కేలరీలు, వేడిగానే మారుతుంది. బయటి గాలి ఒంటంత వేడిగా ఉండి, చెమట కూడా లేదనుకోండి, ఆ గంటలో ఒంటి ఉష్ణోగ్రత ఏడు డిగ్రీలు పెరగాలి. మనిషి అంత వరకు ఉండడు. కాపాడేది చెమటే. ఒక లీటరు చెమట ఆవిరైతే 580 కేలరీల వేడిని మోసుకుపోతుంది. మన దగ్గర గాలి పొడి కాబట్టి చెమట వెంటనే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడడానికి అది మంచిదే గానీ చొక్కా తడవకపోవడంతో ఎంత నీరు పోయిందో తెలియదు. విశాఖలో పరిగెత్తేవాళ్లకు ఇది తిరగబడుతుంది, చెమట కారిపోతుంది తప్ప ఆరదు.

వేడికి ఒళ్లు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అందుకని ఏసీ గదుల్లో ఉన్నవాళ్లు మేలో ఒక్కసారిగా రోడ్డెక్కకూడదు. సూర్యుడు రాకముందే అవుట్‌డోర్ స్టేడియంలో నాలుగు చుట్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. పరిగెత్తే మనిషి తడబడినా, తిక్కగా మాట్లాడినా వడదెబ్బ అనే అనుకోండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, దొరికినంత చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తూ గాలి తగిలించండి, అంబులెన్సుకు ఫోన్ చేయండి. చల్లబరచడం అక్కడే మొదలుకావాలి, ఆస్పత్రికి చేరేదాకా ఆగకూడదు. నీళ్లు ఎక్కువ తాగితే ఎక్కువ మంచిదన్నదీ నిజం కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేయించుకున్న 488 మందిలో 13 శాతం మందికి సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, పడిపోయింది. అతిగా నీళ్లు తాగడమే దానికి ముఖ్య కారణం. దాహం వేసినప్పుడు తాగండి, దూరం ఎక్కువైతే ఉప్పేసిన మజ్జిగ మంచిది.

మోకాళ్లు అరిగిపోతాయని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు భయపెడతారు. 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, అసలు పరిగెత్తనివాళ్లలో 10.2 శాతం, పోటీల కోసమే ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం ఉంది. ఇక్కడా మోతాదే మాట్లాడుతోంది.

పరుగులో గుండె ఆగి పడిపోయిన వార్త చదివి మానేసేవాళ్లున్నారు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న 1.09 కోట్ల మందిలో 59 మందికి అలా జరిగింది. గుండె కండరం పుట్టుకతో వచ్చిన లోపంవల్ల మందంగా పెరగడం, గుండె నాళాల్లో పూడికలు అందులో ముఖ్య కారణాలు. అరుదే, అయినా ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా, నడిచినప్పుడు ఛాతీ పట్టేసినా, శ్రమలో కళ్లు తిరిగినా ముందు పరీక్ష చేయించుకోండి. నలభై దాటి షుగర్, బీపీ ఉన్నవాళ్లు కూడా అంతే.

డాక్టర్లు పరిగెత్తాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఏ అలవాటును డాక్టరు తను పాటిస్తాడో దాని గురించే రోగులకు ఎక్కువగా చెబుతాడని అమెరికాలో వైద్యుల మీద ఎరికా ఫ్రాంక్ చేసిన అధ్యయనాల్లో తేలింది. నా ఓపీలో ఒక పెద్దాయన సూటిగానే అడిగాడు, “నడువు నడువు అంటావు కదా సార్, నువ్వు నడుస్తావా?” అని. జవాబు నా దగ్గర ఉంది కాబట్టి ఆ తర్వాత మా మాట బాగా సాగింది. పరుగు చేసేవాడికి మోతాదు ఎలా రాయాలో తెలుస్తుంది. “పత్తి చేనులో పొద్దన్నుంచీ తిరుగుతానే ఉంటా, ఇంకేం నడవాల?” అన్న రైతు మాట నిజమే. ఆయనకు కావలసింది బీడీ మానడం, ఊరగాయలో ఉప్పు తగ్గించడం. బంగారం కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయనకు మాత్రం చీటీ మీద మాత్రలతోపాటు ఇలా రాస్తాను: ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, ఐదుసార్లు, రోజు మార్చి రోజు, రెండు వారాలకోసారి పరుగు ఒక నిమిషం పెంచి నడక ఒక నిమిషం తగ్గించాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు కాబట్టి జేబులో చక్కెర పొట్లం ఉండాలి. కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లకు పరుగు రాయను, నడకా సైకిలూ రాస్తాను, వచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పించి పాదాలు చూస్తాను.