గునుగు కూర నుంచి గునుగు పూల దాకా: ఏరుకునే ఆకులపై అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిన కొన్ని వారాలకు జొన్న, పెసర, కంది చేలల్లో ఎవరూ విత్తని గునుగు మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు అది కూర. భాద్రపద అమావాస్య నాటికి అదే మొక్క తెలుపు, గులాబీ రంగు కంకులు వేసి బతుకమ్మ తాంబాళంలోకి చేరుతుంది. జహీరాబాద్ చుట్టుపక్కల చేలల్లో ఇటువంటి ఆకులను ఏళ్ల తరబడి ఏరుకుని వండుతున్నాను, ఆసక్తి ఉన్నవారిని వెంట తీసుకువెళ్లి చూపిస్తున్నాను. వారి మాటల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటిలో కొన్ని నవ్వి ఊరుకోదగినవి, మరికొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: పేరు తెలిస్తే మొక్క తెలిసినట్టే.

వాస్తవం: గలిజేరు అన్న ఒక్క పేరుతోనే కనీసం రెండు వేర్వేరు మొక్కలు చలామణిలో ఉన్నాయి. అవి రెండూ కూరకు పనికివచ్చేవే కనుక అక్కడ పొరపడినా పెద్ద నష్టం లేదు. తగిరిస విషయంలో ఆ వెసులుబాటు లేదు. కొన్ని ఊళ్లలో తంటెం అని పిలిచే ఈ మొక్క లేత ఆకును వానాకాలంలో పప్పులో వేసి వండుతారు. దాని దగ్గరి చుట్టం కసింద కూడా అదే గట్టున, అదే కాలంలో మొలుస్తుంది, అటువంటి పసుపు పూలే పూస్తుంది. 2016లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరిలో పెద్ద సంఖ్యలో పిల్లలు మరణించినప్పుడు, ఆ మరణాలలో పలు వాటికి కసింద జాతి గింజలు తినడంతో సంబంధం ఉందని నిపుణులు తేల్చారు. ఒక శ్రావణ మాసంలో నా వెంట వచ్చినవారి సంచులు గట్టు మీద కుమ్మరించి చూస్తే, ఒక సంచిలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఆ రోజు నుంచి సంచులను ఇంటికి పంపేముందు ఆకు ఆకూ విప్పి చూస్తున్నాను. తగిరిస ఈనెకు సాధారణంగా మూడు జతల చిట్టి ఆకులే ఉంటాయి, వాటి కొస గుండ్రంగా, మొదలు సన్నంగా ఉంటుంది. కసిందకు నాలుగు నుంచి ఆరు జతలు ఉంటాయి, ప్రతి ఆకూ కొసకు మొనదేలి ఉంటుంది. కాయ కాస్తే తేడా మరింత స్పష్టం: తగిరిస కాయ సన్నగా, పొడవుగా కొడవలిలా వంగి ఉంటుంది; కసింద కాయ బల్లపరుపుగా, అంచులు లేత రంగులో ఉంటుంది. జతలు లెక్కపెట్టే ఓపిక లేనివారు తగిరిస జోలికి వెళ్లకపోవడమే మేలు.

అపోహ: వెండి చెంచా నల్లబడకపోతే, వెల్లుల్లి రంగు మారకపోతే, పురుగు తిన్న గుర్తు ఉంటే ఆ పుట్టగొడుగు తినదగినది.

వాస్తవం: ఈ మూడు పరీక్షలకూ ఆధారం లేదు. మనుషులకు విషమైన పుట్టగొడుగులను పురుగులూ నత్తలూ నిశ్చింతగా తింటాయి. ప్రాణాంతకమైన కొన్నింటిలోని అమటాక్సిన్ అనే విషం ఎంత ఉడికించినా విరగదు. పైగా తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత గాని వాంతులు మొదలుకావు, మధ్యలో తగ్గినట్టే అనిపించి ఆ తరువాత కాలేయం దెబ్బతింటుంది. వానలకు పచ్చిక మీద లేచే ఒక విషపు తెల్ల గొడుగును పుట్ట మీది పుట్టగొడుగుగా భ్రమపడేవారు ఎక్కువ. దాని అడుగు రేకులు లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరాక ఆకుపచ్చకు తిరుగుతాయి. తెల్ల కాగితంపై ఒక రాత్రి బోర్లిస్తే పచ్చని పొడి రాలుతుంది. ఇంత తెలిసినా నేను పుట్టగొడుగుల పాఠం చెప్పను. అది తరతరాలుగా వాటిని ఏరేవారి చేతి విద్య.

అపోహ: పూజకు పనికివచ్చిన ఆకు ఇంట్లో దేనికైనా పనికివస్తుంది.

వాస్తవం: వినాయక చవితి నాటి 21 పత్రులలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషపూరితమైనవే. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. మట్టి గణపతికి కళ్లుగా పెట్టే గురివింద గింజ గట్టి పెంకు చెదరనంత వరకు పెద్ద ప్రమాదం కాకపోవచ్చు గాని, దండకు గుచ్చడానికి రంధ్రం చేసినా, పసివాడు కొరికినా లోపలి విషం బయటపడుతుంది. ఈ పత్రిని గుమ్మానికి కట్టండి, పీటను అలంకరించండి. విస్తరి పక్కన మాత్రం పెట్టకండి.

అపోహ: ఎవరూ సాగుచేయని ఆకు గనుక దానిలో మందులు ఉండవు.

వాస్తవం: కలుపు మందు కొట్టేదే ఈ మొక్కల మీద. పొన్నగంటి మురుగు కాలువ పక్కన మరింత ఏపుగా పెరుగుతుంది, నీటిలోని సీసం వంటి లోహాలను కూడా పీల్చుకుంటుంది.

అపోహ: పచ్చిగా తింటేనే పూర్తి బలం.

వాస్తవం: పుల్లగా, కరకరలాడుతూ ఉండే పాయలకూరను పచ్చిగా తినాలనిపించడం సహజమే. కాని దానిలో మూత్రపిండాల్లో రాళ్లకు దారితీయగల ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ. ఉడికించి నీరు వంపితే కొంత పోతుంది. మిగిలినదానిలో కొంత భాగం పెరుగులోని కాల్షియంతో కలిసి ఒంటికి పట్టకుండా పోతుంది. అందుకే మా ఇంట్లో దానిని మజ్జిగ పులుసుకే వాడతాము. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు వైద్యులను అడగాలి.

అపోహ: కలుపే కదా, వేళ్లతో పీకితే నష్టం ఏముంది?

వాస్తవం: ముందుగా, అది కలుపైనా చేను రైతుది, అడిగి దిగాలి. గునుగు ఏడాదికొకసారి గింజ నుంచే మొలిచే మొక్క. లేత చిగురును గోటితో గిల్లితే కింది కణుపుల నుంచి మళ్లీ కొమ్మలు వేస్తుంది, రెండు మూడు వారాలకు ఇంకొక కూర అవుతుంది. పండుగ ముందు నగరాల బజార్లకు వచ్చే కట్టలలో వేళ్లతో సహా పీకినవి కనిపించినప్పుడు నాకు బాధగా ఉంటుంది. ఆ కంకులకు అద్దే ఎరుపు, నీలం రంగులు చెరువులో కలుస్తాయన్నదీ నాకు నచ్చని సంగతే, గునుగు తన రంగుతోనే అందంగా ఉంటుంది. పై కంకులను కొడవలితో కోసుకుని, కింది కొమ్మల కంకులను వదిలివేయాలి. అవి ఎండి, నల్లని నిగనిగలాడే సన్న గింజలు రాలిన తరువాత రైతు ఆ మొక్కను పీకి గట్టున వేసినా, వచ్చే తొలకరికి గునుగు అక్కడే మొలుస్తుంది.