అప్రూవ్ అన్నా శాంక్షన్ అన్నా ఒకటేనా?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆఫీసు కాగితాల్లో, బ్యాంకు ఉత్తరాల్లో, పేపర్లలో మీకు రోజూ తగిలే ఇంగ్లీషు క్రియ ‘అప్రూవ్’. నిఘంటువులో దాని పక్కనే శాంక్షన్, ఆథరైజ్, ర్యాటిఫై, సర్టిఫై, ఎండార్స్ అని వరసగా కనిపిస్తాయి. పర్యాయపదాలే కదా అని ఒకదాని చోట ఇంకొకటి రాస్తే చిక్కు వస్తుంది. ఒప్పుకునేది ఎవరు, దేనికి ఒప్పుకుంటున్నారు, పనికి ముందా తర్వాతా అన్నది ఒక్కో మాటలో ఒక్కో రకంగా ఉంటుంది.

ముందు అప్రూవ్ సంగతే చూడండి. ‘ది ప్రిన్సిపాల్ అప్రూవ్డ్ అవర్ టూర్’ అంటే టూరుకు అనుమతి వచ్చింది, సంతకం పడింది. ‘ది ప్రిన్సిపాల్ అప్రూవ్స్ ఆఫ్ టూర్స్’ అంటే టూర్లు మంచివేనని ఆయన అభిప్రాయం, అంతే. మీ టూరుకు సంతకం పెట్టినట్టు కాదు. కాబట్టి సెలవు చీటీలో ‘అప్రూవ్ ఆఫ్ మై లీవ్’ అని రాయకండి, ‘అప్రూవ్ మై లీవ్’ చాలు. చాలామంది చేసే ఇంకో తప్పు ‘హి అప్రూవ్డ్ మి టు గో’. ఒక పని చేయడానికి మనిషికి అనుమతి ఇవ్వడం అప్రూవ్ పని కాదు, అక్కడ పర్మిట్ గానీ అలౌ గానీ వాడాలి. తన అధికారాన్నే ఇంకొకరి చేతిలో పెడితే ఆథరైజ్. బ్యాంకులో ‘ఆథరైజ్డ్ సిగ్నేటరీ’ అంటే సంస్థ తరఫున సంతకం పెట్టే హక్కు పొందినవాడు.

శాంక్షన్ దగ్గర కాస్త నిలవాలి. మన దగ్గర ఇది ఎక్కువగా డబ్బు మాట, తెలుగులో మంజూరు. ఆ మంజూరు అరబ్బీ నుంచి వచ్చింది, అసలు అర్థం ‘చూసినది’. నజర్ కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. పెద్దాయన కంట పడిన కాగితం ఒప్పుకున్న కాగితమైంది.

అయితే మంజూరైందంటే డబ్బు చేతికొచ్చిందని కాదు. ఊరికి రోడ్డు వేయాలంటే, ఇంత ఖర్చుతో ఈ పని చేయవచ్చని ముందు శాఖ పరిపాలనా అనుమతి ఇస్తుంది. డిజైను, అంచనాలు సరిగ్గా ఉన్నాయని ఇంజినీరు సాంకేతిక మంజూరు ఇస్తారు. ఆ తర్వాత టెండరు, ఒప్పందం, అప్పుడు పని. పేపర్లో ‘రోడ్డుకు నిధులు మంజూరు’ అని చదివి ఏడాదైనా కంకర కనబడకపోతే, ఆ వార్త మొదటి మెట్టు గురించే కావచ్చు. ఇంటి అప్పు కూడా అంతే. శాంక్షన్ లెటర్ వచ్చాక కాగితాల పరిశీలన ఉంటుంది, కడుతున్న ఇల్లయితే డబ్బు దశలవారీగా వస్తుంది. లెటర్‌కు గడువు కూడా ఉంటుంది, తేదీ చూసుకోండి.

శాంక్షన్‌కు పూర్తిగా వ్యతిరేకమైన అర్థం కూడా ఉంది. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా మన దేశం మీద ‘శాంక్షన్స్’ విధించింది. అవి ఆంక్షలు. లాటిన్ మూలానికి పవిత్రమైన కట్టడి చేయడం అని అర్థం. చట్టం ఒకదాన్ని సమ్మతిస్తుంది, మీరితే శిక్షిస్తుంది, రెండర్థాలూ అక్కడి నుంచే వచ్చాయి. బహువచనంలో కనిపిస్తే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. క్రియగా వాడితే జాగ్రత్త: ‘ది గవర్నమెంట్ శాంక్షన్డ్ ది కంపెనీ’ అంటే మేలు చేసిందో శిక్ష వేసిందో తేలదు. ‘శాంక్షన్డ్ ఎ లోన్’ అని రాస్తే గొడవ ఉండదు.

ర్యాటిఫై అంటే ఒకరు ముందే చేసినదాన్ని అధికారం ఉన్నవారు తర్వాత ఖాయం చేయడం. ప్యారిస్ వాతావరణ ఒప్పందం మీద భారత్ 2016 ఏప్రిల్ 22న సంతకం చేసి, అక్టోబరు 2న ర్యాటిఫై చేసింది. దేశం ఆ ఒప్పందానికి కట్టుబడటానికి సంతకం ఒక్కటే చాలలేదు, ఈ ర్యాటిఫై చేయడం కావాల్సి వచ్చింది. రాజ్యాంగంలోని కొన్ని అంశాలను సవరించాలంటే పార్లమెంటు ఆమోదించాక కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ర్యాటిఫై చేయాలని 368వ అధికరణం చెబుతుంది. జీఎస్టీ కోసం చేసిన 101వ సవరణ ఆ దారిలోనే వచ్చింది.

ఈ తేడాలు ఎంత బరువైనవో తెలియాలంటే రాష్ట్ర విభజన బిల్లు చూడండి. మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ ‘అభిప్రాయం’ అడగాలి, సమ్మతి అక్కర్లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును తిరస్కరించినా ప్రక్రియ ఆగకపోవడానికి కారణం ఇదే. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి, అది ‘పాస్’. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు, అది ‘అసెంట్’. అమలులోకి వచ్చింది జూన్ 2న. తెలుగులో రెంటికీ ఆమోదమనే అంటాం, ఇంగ్లీషులో మాత్రం కలపకూడదు.

సర్టిఫై, అటెస్ట్ మీకు త్వరలోనే అవసరపడతాయి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం సర్టిఫై: లోపలి విషయం నిజమని ఆయన చెబుతున్నారు. జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం అటెస్ట్: కాపీ అసలుతో సరిపోయిందని మాత్రమే.

ఎండార్స్ అంటే లాటిన్ మూలంలో వీపు మీద రాయడం, చెక్కు వెనక సంతకం అలా వచ్చింది. పుస్తకం ఇంగ్లీషులో అది సమర్థన. మన ఆఫీసుల్లో మాత్రం ‘ఎండార్స్‌మెంట్ ఇచ్చారు’ అంటే అర్జీకి రాతపూర్వకంగా జవాబిచ్చారని. అందులో ‘మీ విన్నపం తిరస్కరించాం’ అని కూడా ఉండవచ్చు, చివరి వాక్యం దాకా చదివి తీసుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య